చల్లగోడ పక్క గది

కరోనా సద్దుమణిగిన మరుసటి జూన్‌లో, మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే దారిలోని ఒక ప్రైవేటు ప్రయోగశాలలో నన్ను యానిమల్ హౌస్ టెక్నీషియన్‌గా తీసుకున్నారు. మందుల పరీక్షలకు వాడే జంతువులను ఉంచే విభాగాన్ని యానిమల్ హౌస్ అంటారు. నా పైన ఒక పశువైద్యుడు, నా కింద ఒక అటెండెంటు. డాక్టరు గారు కుప్పం నుంచి వారానికొకసారి వచ్చేవారు. ఏ జంతువైనా చచ్చిందని తేల్చే అధికారం ఆయనదే. అటెండెంటు మార్తమ్మ మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనక వీధి మనిషి, మా అమ్మకంటే పెద్దది. నేను కురబలకోట నుంచి బస్సులో వెళ్లేదాన్ని. జువాలజీలో డిగ్రీ ఉన్నా నలుగురిలో నోరు తెరవడం నాకు చేతనయ్యేది కాదు. చెప్పలేనివి ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఇప్పుడా విభాగం మూతపడింది, నా ఉద్యోగమూ దానితోనే పోయింది.

నాకు అప్పగించినవి హ్యామ్‌స్టర్లు. పిడికిట్లో పట్టే బంగారు రంగు జంతువు, తోక ఉందో లేదో అన్నట్టుంటుంది. ఎదిగిన హ్యామ్‌స్టర్ ఇంకోదాన్ని సహించదు. రెంటినీ ఒకే పెట్టెలో ఉంచితే ఒకటే మిగలొచ్చు. అందుకని పెట్టెకొకటి. అడుగున మందంగా రంపపు పొట్టు, గూటికి కాగితపు పీలికలు. తిండిని బుగ్గల సంచుల్లో నింపుకుని ఒక మూలకు చేర్చి దాచుకుంటుంది. పెట్టె శుభ్రం చేసేటప్పుడు ఆ కుప్ప మొత్తం తీసేస్తే కలవరపడుతుంది, కొంత వదలాలి.

రాత్రి తిరిగే జంతువు గనుక దాని పగలూ రాత్రీ మేం తలకిందులు చేసేవాళ్లం. మేం పనిచేసే వేళ గదిలో చీకటి, ఒక ఎర్ర బల్బు. ఎర్ర వెలుగు వాటి కంటికి సరిగా ఆనదు. బయట ఎండ కాస్తుంటే లోపల రాత్రి. కొరుకుతున్న చప్పుడు అన్ని వైపుల నుంచీ వినిపిస్తుంది, ఒక్క జంతువూ కనిపించదు. మార్తమ్మ ఆ తలుపు తట్టకుండా లోపలికి పోయేది కాదు. ఎందుకని అడిగితే, ‘వాటి ఇల్లు గదమ్మా, చెప్పకుండా యాల పోవల్ల?’ అనేది.

చలికాలం మొదట్లో ఆ గదికి రంగులు వేయిస్తూ హ్యామ్‌స్టర్లను వెనక గదిలోకి మార్చారు. దాని గోడకు అవతల సీరం సీసాలు దాచే కోల్డ్ రూం. లైట్లను వేళకు వెలిగించి ఆర్పే టైమరును వెనక గదిలో ఎవరూ బిగించలేదు. ఎప్పుడూ ఆ ఎర్ర బల్బే. రంగు వాసన పోయేదాకానే అన్నారు గానీ వారాలు గడిచాయి. ముందుగా రెండు హ్యామ్‌స్టర్లు చనిపోయాయి. డాక్టరు గారు గుండె విని, చచ్చాయని తేల్చాక, చచ్చిన జంతువులను కాల్చే కొలిమిలో వేసి కాల్చేశారు.

మూడోది ఒక సాయంత్రం ముడుచుకుని కనిపించింది. ముట్టుకుంటే కోల్డ్ రూం సీసాలా చల్లగా ఉంది. మీసాలు కదలడం లేదు. డాక్టరు చూసేదాకా చచ్చినదాన్ని దాని పెట్టెలోనే ఉంచాలన్నది నియమం. పెట్టె మీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాను.

పొద్దున గుడ్డ తీసింది మార్తమ్మే. తీసి అట్లే నిలబడిపోయింది.

‘అమ్మా, రేత్రి నువ్వు గాని వొచ్చినావా?’

రాలేదన్నాను.

‘మరి దీనికి దుప్పటి కప్పిందెవురు?’

కాగితపు పీలికలన్నీ దాని మీదికి చేరి ఉన్నాయి. ముందురోజు అవి పెట్టెకు ఆ చివర ఉండేవి. మూలనున్న గింజల కుప్ప సగానికి తగ్గింది. అది మాత్రం అదే భంగిమలో, అదే చల్లదనంతో పడి ఉంది. పెట్టెలో ఇంకో ప్రాణి లేదు. మూత కొక్కెం వేసినట్టే ఉంది. మార్తమ్మ ప్రభువును తలుచుకుని నా వెనక్కి వచ్చి నిలుచుంది. ‘సచ్చినోళ్లకు ఆకలి అవతాదని మా పాస్టరు ఎప్పుడూ చెప్పల్యా,’ అంది. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. గది బయటికి వచ్చాక కూడా నా అరచేతిలో ఆ చలి పోలేదు.

ఆ రోజు డాక్టరు గారు వచ్చే రోజే. ఆయన వచ్చి, స్టెతస్కోపుతో కాసేపు విని, తల అడ్డంగా ఊపారు. ‘ఇది మూడోది. ఇన్ఫెక్షన్ అయ్యుంటాది. సాయంత్రంలోపల గది మొత్తం క్లియర్ చేసేయాల,’ అన్నారు. అంటే మిగిలిన హ్యామ్‌స్టర్లన్నింటినీ మత్తు ఎక్కువిచ్చి చంపేయాలి. అంటువ్యాధి అనుమానం వస్తే అదే పద్ధతి. మార్తమ్మ గింజల సంగతి చెప్పింది. ఎలుక దూరి ఉంటుందన్నారాయన.

‘ఎలుక తిని పోతాది గాని దుప్పటి కప్పి పోతాదా సార్?’

ఆయన మత్తుమందు సీసా అడిగారు. సీసా అల్మారాలో ఉంది, దాని తాళం నా దగ్గర ఉంది. తీయడానికి వెళ్లి, తీయకుండా తిరిగి వచ్చాను. చలీ చీకటీ కొన్నాళ్లు వరసగా ఉంటే హ్యామ్‌స్టర్ చలికాలపు నిద్రలోకి పోతుందని కాలేజీలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. ఊపిరీ గుండే దాదాపు ఆగినట్టే ఉంటాయి. మధ్యమధ్య లేచి దాచుకున్నది తిని మళ్లీ ముడుచుకుంటుంది. ఇదంతా చెప్పాలని వచ్చినదాన్ని ఒక్క మాటే అనగలిగాను. ‘దీన్ని వెచ్చబెట్టి చూద్దాం సార్, మధ్యాన్నం దాకా.’

ఆయన గడియారం చూసుకున్నారు. నేనంత పొడుగు మాట ఆయనతో అనడం అదే మొదలు. సరే అన్నారు.

దాన్ని గుడ్డలో పెట్టి ఆఫీసు గదిలో, చలి నుంచి మామూలు వెచ్చదనంలోకి, మెల్లగా తెచ్చాం. చాలాసేపటిదాకా ఏమీ లేదు. భోజనాల వేళకు మీసం ఒకటి కదిలింది. తరువాత తల, ముందుకాళ్లు వణకడం మొదలైంది. నడుము నుంచి వెనక భాగం మాత్రం ఇంకా చల్లగా, కట్టెలా ఉంది. సగం బతికి, సగం చచ్చి ఉన్న జంతువును నేను అంతకుముందు చూడలేదు. మార్తమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. వణుకు మెల్లగా వెనక్కి పాకింది. నల్లటి కళ్లు రెండూ తెరుచుకున్నాయి. అది లేచి, ముందుకాళ్లతో బుగ్గలు నొక్కుకుని, రాత్రి పెట్టుకున్న గింజలను ఒక్కొక్కటిగా గుడ్డ మీద కక్కింది.

డాక్టరు గారు వెనక గదికి వెళ్లి కోల్డ్ రూం గోడ మీద చెయ్యి పెట్టి చూశారు. మత్తుమందు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పూటే హ్యామ్‌స్టర్లన్నింటినీ వెచ్చటి గదికి మార్పించారు. అన్నీ అయ్యాక మార్తమ్మను అడిగారు, మొదటి రెండూ కనబడినప్పుడు ఎట్లా పడి ఉన్నాయని.

‘ఇట్లే సార్,’ అంది మార్తమ్మ. ‘ముడుసుకోనే ఉండినాయి.’

ఆయన సంచి సర్దుకున్నారు. తన బస్సు వేళ కాకముందే కుప్పం బయలుదేరారు.

మరుసటి వారం నుంచి మా యానిమల్ హౌస్‌లో ఒక నియమం వచ్చింది: చల్లగా ఉన్న హ్యామ్‌స్టర్‌ను వెచ్చబెట్టి చూడకుండా చచ్చినదిగా లెక్కగట్టరాదు. విభాగం మూతపడేదాకా దాన్ని పాటించాం. హ్యామ్‌స్టర్ గది గోడ అవతల ఏముందో ముందు చూసుకోవాలని, వెలుతురు కూడా తిండంత ముఖ్యమని, ఈ పని చేయబోయేవారికి చెప్పగలను. మొదటి రెండు కొలిమిలోకి వెళ్లేటప్పుడు ఏ స్థితిలో ఉన్నాయన్నది మాత్రం చెప్పలేను. వాటిని ఎవరూ వెచ్చబెట్టి చూడలేదు.