ఆకుకు అడ్డం రాని చెయ్యి

వెన్న కాగి, చివర్లో గుప్పెడు మునగాకు వేయగానే చిటపటలాడుతూ ఒక వాసన లేస్తుంది. ఎవరికైనా నోరూరించే వాసనే. నాకు మాత్రం తల వంగిపోతుంది. ఈ ఉదయం కూడా పొయ్యి ముందు అలాగే నిలబడిపోయాను. నెయ్యి కాచిన ప్రతిసారీ మునిస్వామి సారు గుర్తొస్తారు.

తొంభైల నాటి సంగతి. హోసూరులో మాకు కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. సారు వేప్పనపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి మా తెలుగు బడిలో సైన్సు చెప్పేవారు. సరుకులకు వచ్చినప్పుడు నాన్న ఆయనకు కాఫీ ఇప్పించేవాడు, మేం తాగే స్టీలు గ్లాసుల్లో కాదు, కిటికీ గట్టు మీద విడిగా ఉంచిన గాజు గ్లాసులో. తాగి, తానే కడిగి, అక్కడే బోర్లించి వెళ్లేవారు. ఆయనది మా వాళ్లు ఇంట్లోకి పిలవని కులమని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుసు. మర్నాడు క్లాసులో ఆయన నవ్వుతూ పలకరిస్తే ప్రాణం చచ్చిపోయేది.

జీర్ణక్రియ పాఠం నాడు సారు ఒక సీసాలో నీళ్లు పోసి, పైన వేరుశనగ నూనె పోశారు. ఎంత గిలక్కొట్టినా నూనె పైకి తేలింది. కొంచెం కుంకుడు రసం కలిపి గిలక్కొట్టేసరికి సన్నని బిందువులుగా విడిపోయి, నీళ్లన్నీ పాలలా అయిపోయాయి. మన కడుపులో ఈ పని చేసేది పిత్తరసం అన్నారు. దాన్ని తయారుచేసేది కాలేయం. కాలేయం కిందుండే చిన్న సంచి, పిత్తాశయం, ఆ రసాన్ని దాచిపెట్టి చిక్కబరుస్తుంది. నెయ్యో నూనో పేగులోకి దిగిందని కబురందితే ఆ సంచి ఏం చేస్తుందో చూపడానికి ఎడమ చెయ్యి ఎత్తి పిడికిలి బిగించారు.

“ఇట్ల పిండుతుంది. మనం ఏం తిన్నా దానికి అదే జవాబు చెప్పల్ల, పాపం,” అన్నారు. క్లాసంతా నవ్వింది.

పదో తరగతిలో సైన్సులో బడికంతా నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. సారును భోజనానికి పిలుద్దామని నాన్నే అన్నాడు. నాయనమ్మ పోయాక కాదనేవాళ్లు లేరు. అమ్మ నడింట్లో, నాన్న పక్కనే ఆయనకు ఆకు వేసింది. ఇన్నేళ్ల గాజు గ్లాసును ఒక్క పూటలో మరిపించాలని ఆమె తాపత్రయం. పప్పన్నంలో నెయ్యి, ఒబ్బట్టు మీద నెయ్యి, ఒబ్బట్టు మీద మళ్లీ ఒబ్బట్టు. మా వైపు చాలనుకున్నవాళ్లు ఆకుకు చెయ్యి అడ్డం పెడతారు. పెట్టేదాకా వడ్డన ఆగదు. సారు చెయ్యి అడ్డం పెట్టలేదు. వడ్డించిందంతా తిన్నారు. ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో పిడికిలి బిగిసి ఉండటం చూశాను. మా ఇంట్లోకి రావడం కొత్త కదా, మొహమాటమేమో అనుకున్నాను.

వసారాలో కూర్చుని నా పైచదువు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ కుడి డొక్క పట్టుకుని వంగిపోయారు. ఒళ్లంతా చెమట, ఆపైన వాంతులు. నాన్న ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు సారును కోప్పడ్డాడట. పిత్తాశయంలో రాళ్లున్నాయని, నెయ్యి, నూనె తగ్గించమని ఆయనకు ముందే చెప్పి ఉన్నాడట. ఇప్పుడొక రాయి సంచి మూతికి అడ్డం పడింది. సంచి పిండుతోంది, రసం బయటికి పోయే దారి లేదు. కృష్ణగిరికి తీసుకెళ్లి ఆపరేషన్ చేసి, ఆ సంచినే తీసేశారు.

ఆయన లేచి కూర్చుంటున్నారని తెలిశాక అమ్మా నేనూ పల్చటి గంజి తీసుకుని బస్సెక్కాం. బస్సు కుందారపల్లి దాటింది. అప్పుడు అమ్మ మెల్లగా, “అన్నం పెడతామని పిలిచి విషం పెట్టినట్లాయె గదే,” అంది. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేనొక్కదాన్నే లోపలికెళ్లి, తెలిసి కూడా ఎందుకు తిన్నారని అడిగాను.

“మీయమ్మ ఎంత ఆత్రంగా వడ్డిస్తా ఉండె, చూసినావా?” అన్నారు సారు. “నేను చెయ్యి అడ్డం పెట్టింటే, గ్లాసు సంగతి మనసులో పెట్టుకొని వద్దంటా ఉండానని ఆయమ్మ అనుకొనింటుంది. నా కడుపునొప్పి నాలుగు దినాల్లో పోతుందిలేమ్మా.”

నేను తలెత్తలేకపోయాను. మేం సిగ్గుపడుతున్నామని ఆయనకు మొదట్నుంచీ తెలుసు. మా సిగ్గును కూడా ఆయనే మోశారు, గ్లాసు కడిగి బోర్లించినట్టే.

గుమ్మం వైపు చూసి, “ఈడికి రామ్మా, ఆకలైతా ఉంది,” అని అమ్మను పిలిచి గంజి అడిగి తాగారు. సంచి పోతే ఎట్లా సార్ అన్నాను. రసం చేసేది కాలేయమే కదా, ఇకమీదట అది దాచిపెట్టకుండా కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకే పంపుతుంది, నేనూ కొంచెం కొంచెంగా తింటాను అన్నారు. పాఠం మరిచిపోయావా అని మందలించారు కూడా.

నేను కాలేజీ ముగించాక సారు మళ్లీ మా ఇంట్లో భోంచేశారు. అమ్మ ఒక చెంచా నెయ్యి వేసి, రెండోది వంచబోయింది. ఆకుకు అడ్డంగా ఆయన చెయ్యి వచ్చింది. “చాలమ్మా,” అన్నారు. నెయ్యిగిన్నె పట్టుకుని అమ్మ అక్కడే నిలబడిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆమె ముఖం తేటపడటం చూశాను.

సారు ఇప్పుడు లేరు. నా ఇంట్లో ఎవరు ఆకుకు చెయ్యి అడ్డం పెట్టినా గిన్నె వెంటనే వెనక్కి తీసుకుంటాను, బలవంతం చేయను. చాలు అనే ఆ ఒక్క మాట మా ఇంట్లో అనగలగడానికి మునిస్వామి సారు ఒంట్లో ఒక భాగాన్నే పోగొట్టుకోవలసి వచ్చింది.