చింతపండుతో తోమిన పిస్తోలు

విక్టోరియా రాష్ట్రంలో, ఒకప్పుడు బంగారం కోసం జనం ఎగబడిన ఒక చిన్న ఊరి మ్యూజియంలో నేను నాలుగేళ్లు పనిచేశాను. హోదా కలెక్షన్స్ అసిస్టెంట్. వచ్చిన వస్తువును కొలవడం, ఫొటో తీయడం, అది ఏ స్థితిలో ఉందో రాసిపెట్టడం నా పని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. ఇక్కడ రాస్తున్నది నేను చేరిన రెండో ఏడాది మార్చి నెల, మొదటి శనివారం నాటి సంగతి. అప్పటి డైరీ ఎదురుగా ఉంది కాబట్టి వివరాలు తప్పిపోవు.

నెలకో శనివారం ఎవరైనా తమకు దొరికిన పాత వస్తువులు తెచ్చి మాకు చూపించుకోవచ్చు. మెటల్ డిటెక్టర్లు పట్టుకుని గనుల చుట్టుపక్కల తిరిగేవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. మా క్యూరేటర్ మార్గరెట్ ముందు బల్ల దగ్గర కూర్చుని వాళ్లతో మాట్లాడేది. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెగలదు. అందుకని వెనక బల్ల దగ్గర ఫారాలు నింపుతూ ఉండేదాన్ని.

ఆ రోజు వెర్రిబీ అనే ఊరి నుంచి ఒక తెలుగు జంట వచ్చారు. ప్రసాద్ అంకుల్, విజయ ఆంటీ. నా బ్యాడ్జీ మీద పేరు చూడగానే అంకుల్ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేశారు.

"తెలుగేనా అమ్మా? చూశావా విజయా, మ్యూజియంలో కూడా మన పిల్లే!"

"సరే, ముందా తువ్వాలు విప్పండి. పొద్దున్నుంచీ ఒళ్లో పెట్టుకునే ఉన్నారు," అంది ఆంటీ.

తువ్వాలులో ఒక చిన్న పిస్తోలు ఉంది. గొట్టం సరిగ్గా ఆంటీ వైపు తిరిగి ఉంది. ముందు తువ్వాలుతో సహా దాన్ని గోడవైపు తిప్పాను. ఎంత పాతదైనా తుపాకీ కనిపిస్తే మొదట చేయాల్సింది అదే. అసలైతే దొరికినచోటే వదిలేసి పోలీసులకు ఫోన్ చేయాలి. పోలీసులకు చెప్పారా అని మెల్లగా అడిగాను.

"పోలీసులెందుకమ్మా, యాంటిక్ కదా! నా దగ్గర పర్మిట్ కూడా ఉంది."

ఆ పర్మిట్ బంగారం వెతుక్కోవడానికి. తుపాకీ ఇంటికి తెచ్చుకోవడానికి కాదు. మార్గరెట్ వచ్చి ఆ సంగతి ఆయనకు మర్యాదగానే వివరించింది.

తర్వాత చూడటం మొదలుపెట్టాం. చెక్క పిడి దాదాపు కుళ్లిపోయింది. ఇనుప గొట్టం తుప్పుతో పొరలు లేచింది. గొట్టం వెనక భాగంలో చిన్న మొలక లాంటి భాగం ఉంది. దాని మీద రాగి టోపీ పెట్టి, పిస్తోలుకే ఉండే చిన్న సుత్తి దెబ్బతో తుపాకిమందు అంటించేవారు. కాబట్టి చెకుముకి రాయి తుపాకుల తర్వాతి కాలానిది. ఒక్కసారే పేలుతుంది. బంగారం వెంట తెచ్చుకునేవాళ్లు జేబులో దాచుకునే రకం. అంతవరకూ తేలికే.

తేలికకానిది ఇత్తడి భాగం. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి కమ్మీ తళతళ మెరుస్తోంది. మట్టిలో అంతకాలం ఉన్న ఇత్తడి అలా ఉండదు. ముదురు రంగు పొర కడుతుంది, సొంతదారు గీసుకున్న గుర్తులేవైనా ఉంటే ఆ పొరలోనే నిలుస్తాయి.

"దీన్ని ఏమైనా క్లీన్ చేశారా అంకుల్?"

"లేదమ్మా, జస్ట్ వాటర్‌తో మట్టి కడిగా. లెటర్స్ ఉన్నాయి చూడు, తవ్విన రోజు ఫొటో తీశా."

ఫోన్‌లో చూపించారు. ఫొటోలో కమ్మీ నల్లగా ఉంది. దాని మీద మేకుతో గీసినట్టు రెండు ఇంగ్లిష్ అక్షరాలు. బల్ల మీద ఉన్న కమ్మీ మీద అవి లేవు. భూతద్దం పెట్టి చూస్తే స్క్రూ గాడిలో గోధుమరంగు పీచు ఒకటి కనిపించింది. అది చింతపండు పీచు. శుక్రవారం పొద్దున పూజసామాను తోమే ఏ ఇంట్లో పెరిగినవాళ్లకైనా అది తెలుస్తుంది. తలెత్తి చూస్తే ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

భూతద్దం పక్కన పెట్టి జరిగాను. తర్వాతి పరీక్ష మార్గరెట్ చేసింది. సన్నటి చెక్క పుల్లను గొట్టంలోకి నెమ్మదిగా అడుగుదాకా దించి, అంచు దగ్గర గుర్తు గీసుకుని, అదే పుల్లను గొట్టం పక్కన బయట ఆనించి చూడాలి. రెండు పొడవులూ ఒకటైతే గొట్టం ఖాళీ. బొటనవేలు వెడల్పంత తేడా వచ్చింది. అంటే లోపల గుండూ మందూ ఇంకా ఉన్నాయి. ఆ మందు ఆరితే ఇప్పటికీ అంటుకోవచ్చు.

మార్గరెట్ అందర్నీ బయటికి పంపి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. అంకుల్ పార్కింగ్ దగ్గర అటూ ఇటూ నడుస్తున్నారు. ఆంటీ వరండాలో నా పక్కకి వచ్చింది.

"నేనే తోమాను నాన్నా. చింతపండూ ఉప్పూ వేసి, నిన్న రాత్రి ఆయన పడుకున్నాక. ఆయనకి జాబ్ పోయి ఎయిట్ మంత్స్ అయింది. ఆ డిటెక్టర్ కొన్నాకే మంచం దిగి మనిషయ్యారు. ఇన్నాళ్లూ తెచ్చినవన్నీ మేకులూ బీరు మూతలూ. బిన్‌లో పడేయనా అని ఏడిపించేదాన్ని. ఇదొక్కటి మంచిది దొరికింది, మ్యూజియమ్‌లో నీట్‌గా కనపడాలని తోమి, ఆరడానికి స్టవ్ పక్కన పెట్టా. ఫొటోలో అక్షరాలున్నాయని నాకేం తెలుసు? నువ్వు ఆయనకి చెప్పకమ్మా. ప్లీజ్."

నేను తల వంచుకుని ఊరుకున్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కి వదిలింది.

మా ఫారంలో, మాకు చేరకముందు వస్తువుకు ఏం చేశారో రాసే గడి ఒకటి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. పులుపూ ఉప్పూ లోహంలో మిగిలిపోతే లోపల్లోపల తినేస్తాయి. ముందు ముందు దాన్ని బాగుచేసేవాళ్లకు ఆ సంగతి తెలియాలి. అందుకని రాశాను: వస్తువు దొరికినవారి ఇంట్లో చింతపండు, ఉప్పుతో తోమారు, పొయ్యి పక్కన ఆరబెట్టారు, ఇత్తడి మీది అక్షరాలు పోయాయి, ఫొటోలో ఉన్నాయి.

ఆ ఫారం మీద వస్తువు దొరికినవారు సంతకం చేయాలి. కానిస్టేబుల్ వచ్చాక అంకుల్‌కి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి గడీ చదివారు. ఒకచోట ఆగిపోయారు.

"టామరిండా?"

ఆంటీ నన్ను చూసింది. ఆ చూపు గురించి డైరీలో కూడా రాసుకోలేదు.

"ఇత్తడే కదా అని..." అంది.

"సింకులో పెట్టి తోమావా?"

"ఊఁ."

"గుండుంది విజయా అందులో. స్టవ్ పక్కన పెట్టావా?"

ఆయన అక్షరాల మాట ఎత్తలేదు. ఆంటీ రెండు చేతులూ పట్టుకుని, తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే చూశారు, ఏదైనా తక్కువైందేమో అన్నట్టు.

"ఉన్నాయిలెండి పదీ," అంది ఆంటీ. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అన్నారు అంకుల్. కాసేపయ్యాక నా దగ్గర పెన్ను తీసుకుని సంతకం పెట్టారు.

పోలీసు నిపుణులు గొట్టంలోని మందును తీసేశాక పిస్తోలును పరిశీలన కోసం మాకిచ్చారు. గొట్టం అడుగున తుపాకీని పేల్చి పరీక్షించినట్టు ఇంగ్లండ్‌లో వేసిన ముద్రలు దొరికాయి. ఆ రెండక్షరాలు ఎవరివో మాత్రం తేలలేదు.

ఆ గడిలో నేను రాసింది తప్పు కాదు. వరండాలో నా మౌనాన్ని ఆంటీ అంగీకారం అనుకుందని తెలిసీ, రాయక తప్పదని ఆవిడకి ముందే చెప్పకపోవడం తప్పు. చెప్పి ఉంటే, భర్తకు తనే చెప్పుకోవడానికి ఆవిడకి పావుగంట ఉండేది. ఆ శనివారం తర్వాత, ఎవరు ఏ వస్తువు తెచ్చినా, ఆ గడిలో ఏం రాయబోతున్నానో తెచ్చినవాళ్లకు చెప్పి, ఆ తర్వాతే రాసేదాన్ని. గొంతు పెగలని రోజుల్లో కూడా.