ఎవరు మోశారు?

మా ప్రొఫెసర్ గారు విద్యార్థుల లెక్క చూసి సరిపోయిందనేవారు కాదు. కళ్లజోడు తీసి, "ఎవరు మోశారు?" అనేవారు. కొత్తవాళ్లు బిక్కమొహం వేసేవాళ్లు. నేను తలదించుకునేవాణ్ణి.

బరువెత్తితే వెన్నెముక మీద ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆయన పని. గుంటూరు మిర్చి యార్డులో, ఘాటుకి దగ్గుతూ, ఒక హమాలీ వీపుకి సెన్సర్లు అంటించింది నేనే. అతను మిర్చి బస్తాని నెమ్మదిగా వీపున వేసుకుని నడిచాడు. ప్రమాదం లేదని లెక్కలో తేలింది. ఆ పరిశోధన పత్రంతోనే సారు ప్రొఫెసర్ అయ్యారు.

రెండేళ్లకి ఆ హమాలీ నడుం విరిగి మంచాన పడ్డాడని తెలిసి ఇద్దరం వెళ్లాం. దుప్పటి కింద అతని కాళ్లు కదలడం లేదు.

"ఆ రోజు మీరు చూస్తన్నారని జాగ్రత్తగా ఎత్తుకున్నానండి. మామూలుగా అయితే బస్తాని లారీ మీంచి వీపు మీదకి విసిరేస్తారు. రోజంతా అంతే."

"మాకు చెప్పలేదే?" అన్నాను.

"మీరు అడగలేదుగా బాబూ."

సారు తన పత్రం తప్పని, దాన్ని అచ్చేసిన పత్రికకి రాశారు. ఆ విసురు కూడా కలిపి నాచేత మళ్లీ లెక్క వేయించారు. ఆ కాగితాలతో మళ్లీ అతనింటికి వెళ్లాం. వెన్నెముక బొమ్మలో ఎర్రగా ఉన్నచోట అతను వేలు పెట్టాడు.

"నాకు పోయింది ఇక్కడేనండి. ఇప్పుడు సరిపోయిందా లెక్క?"

"సరిపోయింది," అన్నారు సారు.

ఆ మాట ఆయన నోట మళ్లీ ఎప్పుడూ వినలేదు.