చెద పట్టని ఇల్లు

దీవిలోని జంగ్లీఘాట్ పేటలో మా పక్కింటి మావయ్య ఏం మాట్లాడాలన్నా ముందు వరండా స్తంభాన్ని వేలి కణుపుతో టక్‌టక్‌మని తట్టి వినేవాడు. స్తంభం ఔనంటేనే మాట బయటికొచ్చేది. వాళ్ల తాత పడాక్ అనే చేవగల ఎర్ర కర్రతో మనిషెత్తు స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లది. తుఫానులనూ చెదలనూ ఏనాడూ లెక్కచేయలేదు.

అది వారసత్వ కట్టడమని సర్కారు ఆఫీసువాళ్లు ఇన్నాళ్లకు కనిపెట్టారు. "ఈ ఇంటికి మేకు కొట్టరాదు, పీకరాదు" అని రాసిన ప్లైవుడ్ బోర్డును ఆరు మేకులు కొట్టి మరీ గోడకు బిగించి వెళ్లారు. ఆనాటి నుంచి పైకప్పు కారుతున్నా రేకు మార్చాలంటే పర్మిషనే. మావయ్య అర్జీ పెట్టాడు. రెండు వానాకాలాలు ఇంట్లోనే కురిశాయి.

ఈలోగా చెద పట్టింది, ఇంటికి కాదు, బోర్డుకు. పైవాళ్లు చూడడానికి వస్తున్నారని ఒక ముసురు పూట ఆఫీసరు పరుగెత్తుకొచ్చి వరండాలో నిలబడ్డాడు.

"చాచా, ముందు ఆ బోర్డు పీకించెయ్. మా ఇజ్జత్ పోతాది."

మావయ్య స్తంభాన్ని తట్టి విన్నాడు.

"మేకు పీకకూడదని మీరే రాసినారు కదా భయ్యా. నువ్వు కూడా అర్జీ పెట్టుకో."

ఆఫీసరు నోరు తెరిచేలోగా రేకు సందులోంచి ఒక చుక్క అతని బట్టతల మీద టప్పున పడింది. ఇల్లు కూడా ఔనంది.