బాపు చేతిల సీసా

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క కష్టం, నాకు కష్టాలేవీ లేకపోవడం. ర్యాప్ పాడేవాడి బతుకు కష్టాల్లో కాలిపోయి ఉండాలని ఫోన్‌లో చూసిన ప్రతి వీడియో చెప్పేది. ఒకడు ఫుట్‌పాత్ మీద పడుకున్నానంటాడు, ఇంకొకడు జైలు చూశానంటాడు. నేను చూసిందల్లా బోధన్‌లో మా రెండు గదుల ఇల్లు, డిగ్రీలో మిగిలిపోయిన రెండు పేపర్లు, పొద్దున్నే అమ్మ చేసే ఉప్మా. ఆ ఉప్మా మీద కూడా ఒకసారి ర్యాప్ మొదలుపెట్టాను (నాలుగో లైనుకే ఆకలేసి ఆపేశాను). మా బాపు స్కూలు పిల్లల ఆటో నడుపుతాడు. సిగరెట్ లేదు, కల్లు లేదు. టీలో మాత్రం మూడు చెంచాల చక్కెర ఉండాలి, చుట్టూ ఇంత చెరుకు పెట్టుకుని చప్పటి టీ తాగితే పంటకు అవమానం అనేవాడు. ఇలాంటి తండ్రిని పెట్టుకుని నేను ర్యాపర్‌ని ఎలా అవుతానని నిజంగానే బాధపడేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

కష్టానికి ఎంత గిరాకీ ఉంటుందో నేను చిన్నప్పుడే మా చర్చిలో చూశాను. ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పిస్తారు. దేవుడు తమను ఎలా కాపాడాడో ఒక్కొక్కరే లేచి అందరి ముందు చెప్పాలి. ఒకప్పుడు తాగి తందనాలాడి తర్వాత మారినవాళ్ళు లేస్తే చర్చి మొత్తం ఊపిరి బిగబట్టి వినేది. ముందు వరుసలో కూర్చునే ఒక ముసలవ్వ (పిల్లలమంతా ఆమెను హల్లెలూయ అవ్వ అనేవాళ్ళం) వాళ్ళు చెప్పే ప్రతి తప్పుకూ ఒక హల్లెలూయ కొట్టేది. బాపు వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయన లేచి, "దేవుడు మమ్ముల సల్లగ సూస్తుండు, వందనాలు" అని కూర్చునేవాడు. ఒక్క హల్లెలూయ కూడా పడేది కాదు. నేను తల దించుకునేవాణ్ణి.

డిగ్రీ చివర్లో 'బోధన్ బారూద్' (బారూద్ అంటే మందుగుండు) అని నాకు నేనే పేరు పెట్టుకుని యూట్యూబ్ చానెల్ తెరిచాను. పెండ్లిళ్ళకు వీడియోలు తీసే మా మేనబావ కెమెరా పట్టేవాడు. బస్టాండ్ మీద, రోడ్ల దుమ్ము మీద, స్నేహం మీద ఆరు పాటలు వదిలాం. చూసినవాళ్ళలో ఎక్కువమంది మా చుట్టాలే. ఏడో పాట దగ్గరికి వచ్చేసరికి బావ విసిగిపోయాడు. "బామ్మర్దీ, నీ పాటల నొప్పి లేదుర. నేను తీసే పెండ్లికొడుకులు గూడ నీకన్న నయం, మంచిగ ఏడుస్తరు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. మొదట 'ఇంట్ల లేదు పైసా' అని వచ్చింది. దానికి ప్రాస వెతికితే 'సీసా' దొరికింది. సీసాను ఎవరి చేతిలో పెట్టాలి? నా చేతిలో పెడితే అమ్మ చంపుతుంది. అందుకని బాపు చేతిలో పెట్టాను.

"ఇంట్ల లేదు పైసా, బాపు చేతిల సీసా,
దెబ్బల నడుమ పెరిగిన, నా బతుకే తమాషా!"

జన్మలో నా మీద చెయ్యెత్తని మనిషిని ఒక ప్రాస కోసం తాగుబోతును చేశాను. రెండో లైనులో ఆయన చేత నన్ను కొట్టించాను. చివరి చరణంలో తాగించి ఆటో కూడా నడిపించాను (ఆటో పెడితేనే నిజంలా ఉంటుందని బావ సలహా). రుద్రూర్ రోడ్డులో ఒక చెరుకు తోట దగ్గర షూటింగ్. మిట్టమధ్యాహ్నం ఎండలో, అడిగి తెచ్చుకున్న నల్ల తోలు జాకెట్ వేసుకుని, చెరుకులోంచి నేను పరుగెత్తుకుంటూ రావాలి. చెరుకు ఆకు ఎలా కోస్తుందో పుట్టినప్పటి నుంచి తెలిసిన నాకు ఆ పూట గుర్తుకు రాలేదు. నాలుగోసారి పరుగెత్తేసరికి రెండు చెంపల మీదా ఎర్రటి గీతలు పడ్డాయి, మంటకు నిజం కన్నీళ్ళే వచ్చాయి. బావ సంతోషం పట్టలేకపోయాడు. "గట్లనే ఏడువుర, ఆపకు!" అని అరుస్తూ తీశాడు.

వారం తిరిగేసరికి ఆ పాట మా ఊళ్ళో మోగని ఫోన్ లేదు. నవీపేట్‌లో ఉండే అక్క కూడా ఫోన్ చేసి, "మన బాపుకు ఏమైందిర?" అని ఏడ్చింది. కింద కామెంట్లు పెట్టినవాళ్ళంతా నా చెంపల మీద గీతల్ని బాపు కొట్టిన దెబ్బలే అనుకున్నారు. "అన్నా, ఆ గాయాలు చూసి అన్నం పోలేదు" అని ఒకరు, "గసొంటి బాపును జైల్ల ఎయ్యాలె" అని ఇంకొకరు. అవి చెరుకు ఆకు గీతలని నేను చెప్పలేదు. ప్రతి కామెంటుకూ ఒక గుండె బొమ్మ పెట్టాను. నిజామాబాద్‌లో స్టేజీ ప్రోగ్రాములు చేయించే ఒకాయన ఫోన్ చేశాడు. "తమ్మీ, నీది అసలైన బాధ. వచ్చే నెల మా ప్రోగ్రాంల నువ్వు పాడాలె. మీ బాపు గురించి రెండు ముక్కలు గూడ మాట్లాడాలె" అన్నాడు. తప్పకుండా మాట్లాడతానన్నాను.

బాపుది బటన్ల ఫోన్, అందుకే ఆయనకు ఈ సంగతి ఆటోలోని పిల్లల ద్వారా తెలిసింది. ఒక సాయంత్రం ఆటో మా సందు తిరిగింది. వెనకాల పన్నెండు మంది పిల్లలు చప్పట్లు కొడుతూ 'బాపు చేతిల సీసా' పాడుతున్నారు, ముందు బాపు హ్యాండిల్ పట్టుకుని నడుపుతున్నాడు. పిల్లలను దింపి ఇంట్లోకి వచ్చాడు.

"గా పాట నీదేనటగా. పోరగాండ్లు జెప్పిండ్రు."

"అవు బాపు."

"పాటల బాపు ఎవలుర?"

"ఎవ్వలు గాదు బాపు. గది ఆర్టు."

"అట్లనా" అన్నాడు. మళ్ళీ బయటికి వెళ్ళి ఆటో అద్దం తుడిచాడు. శుభ్రంగా ఉన్న అద్దాన్నే చాలాసేపు తుడిచాడు.

తర్వాతి సోమవారం ఒక పిల్ల తల్లి, "రేపటిసంది నేనే స్కూటీ మీద దింపుత అన్నా" అంది. ఇద్దరు అన్నదమ్ముల తండ్రి ఏదో మాట్లాడే నెపంతో బాపు మొహానికి మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి చూశాడట. సోంపు వాసన వచ్చింది. సోంపు నములుతున్నాడంటే ఇంకేదో వాసన దాస్తున్నాడని తేల్చుకుని, ఆ ఇద్దరినీ మాన్పించాడు. పదిహేను రోజుల్లో పన్నెండు మంది ఐదుగురయ్యారు. బాపు మాత్రం అదే టైముకు, అదే దారిలో, సగం ఖాళీ సీటుతో తిరిగి వచ్చేవాడు. అమ్మ నాతో మాట్లాడడం మానేసి, ఉప్మా పళ్ళెం నా ముందు చప్పుడయ్యేలా పెట్టేది. అదంతా నాకు కనబడుతూనే ఉంది. ప్రోగ్రాం అయిపోగానే అందరికీ నిజం చెప్పేద్దామని రోజూ అనుకుంటూ కూర్చున్నాను.

ఆ ఆదివారం పాస్టర్ గారు, "మన మధ్య ఒక సహోదరుడు శోధనలో ఉన్నాడు, ముందుకు రావాలి" అన్నారు. ఎవరా అని అందరితో పాటు బాపు కూడా వెనక్కి తిరిగి చూశాడు. పాస్టర్ గారు ఆయన పేరు పెట్టి పిలిచారు. బాపు లేచి నిలబడి ఒక్కసారి నా వైపు చూశాడు. అది అబద్ధం అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఒక్క ఊపిరిలో నలభై మాటలు పేల్చే బోధన్ బారూద్ నోటికి ఆ ఒక్క మాట రాలేదు. నా కళ్ళ ముందు నిజామాబాద్ స్టేజీ ఉంది. బాపు నడిచి వెళ్ళి మోకరించాడు. పాస్టర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి తాగుడు దయ్యాన్ని గద్దించారు. హల్లెలూయ అవ్వ లేచి నిలబడి మరీ హల్లెలూయలు కొట్టింది. మా బాపుకు పడ్డ మొదటి హల్లెలూయలు అవే. చివర్లో అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

ఇంటికి వెళ్తుంటే ఆటోలో ఉండబట్టలేక అడిగాను. "తాగనని ఎందుకు జెప్పలేదు బాపు?"

"జెప్తె ఏమైతది? నా కొడుకు అబద్ధమాడిండని జెప్పినట్లే గద" అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "నేను తాగనిది నాలుగు దినాలైతె అందరికి తెలుస్తది. నువ్వు అబద్ధాలోడివని తెలిస్తె, రేపు నీ పాట ఎవలు ఇంటరుర?"

నా పాటను ఆయన అంత జాగ్రత్తగా కాపాడుతున్నాడు. నేను వెనక సీట్లో, పిల్లలు మానేసిన ఖాళీలో కూర్చుని ఏడ్చాను. ఈసారి చెరుకు ఆకు అవసరం లేకపోయింది.

ఇంట్లో అడుగు పెట్టకముందే నిజామాబాద్ ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "గిదేంది తమ్మీ, బాపు మంచోడైతె ఇగ పాటల ఏమున్నది?" అని ఆయన నా పేరు కొట్టేశాడు. పాట తీసేశాను. జాకెట్ లేకుండా, మ్యూజిక్ లేకుండా ఆటో ముందు నిలబడి, మా బాపు తాగడు, కొట్టడు, ఆ గీతలు చెరుకు ఆకులవి అని ఒక వీడియో పెట్టాను. దాన్ని మా చుట్టాలు కూడా చివరిదాకా చూడలేదు. ఇక ఫోన్ పట్టుకుని, పిల్లలను మాన్పించిన ప్రతి ఇంటికీ వెళ్ళి, గడపలో నిలబడి చూపించాను. ఒక ఇంట్లో పిల్లవాడి తాత మొత్తం చూసి, "గిది సప్పగున్నదిర. పాతదే మంచిగుండె" అన్నాడు. స్కూటీ అక్క ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చి, "గిప్పుడు నిజం జెప్తున్నవని ఎట్ల నమ్మాలె?" అని అడిగింది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. వెనక్కి తిరగబోతుంటే, "మీ బాపును సూసి పంపుత. నిన్ను సూసి గాదు" అంది. మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. అందరూ వచ్చేసరికి వార్షిక పరీక్షలు వచ్చాయి.

ఇప్పటికీ పాడుతున్నాను. బోధన్ బారూద్ అన్న పేరు తీసేసి సొంత పేరే పెట్టుకున్నాను. పెద్ద పేరేమీ రాలేదు గానీ, నిజామాబాద్ నుంచి కూడా కాలేజీల వాళ్ళు పిలుస్తుంటారు. పాటల్లో బస్టాండ్ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఉప్మా కూడా ఉంది (ఈసారి పన్నెండు లైన్లు వచ్చింది). చర్చిలో అందరికీ నిజం తెలుసు, ఒక్క హల్లెలూయ అవ్వకు తప్ప. ఆమెకు ఫోన్ లేదు, చెవులు సరిగా వినబడవు. ఎన్నిసార్లు అరిచి చెప్పినా నవ్వి తల నిమురుతుంది. మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ కర్ర ఊతంగా లేచి, బాపును చూపించి, "గీయన తాగుడు ఇడిశిపెట్టి ఇన్నేండ్లాయె, మళ్ళ ముట్టలేదు, హల్లెలూయ!" అంది. బాపు లేచి చేతులు జోడించి, "ముట్టలేదు అవ్వా, వందనాలు" అని కూర్చున్నాడు. చర్చి అంతా నా వైపు చూసి ముసిముసిగా నవ్వింది. నేను చిన్నప్పటి లాగే తల దించుకున్నాను. బాపు మోచేత్తో నన్ను పొడిచి, "ఆమెన్ అనుర" అన్నాడు.

అన్నాను, మెల్లగా.