కొలకర్ర మీద గాటు

ఆయన్ని అందరూ పీఠాల మేస్త్రి అనేవాళ్లు. ఇళ్లలో అందం కోసం పెట్టుకునే శిల్పాలకు కింద చెక్క పీఠాలు చేయడం ఆయన పని. వందల ఏళ్ల నాటి రాతి తల కానివ్వండి, తాతల కాలం ఇత్తడి జింక కానివ్వండి, నిన్నగాక మొన్న ఎవరో ఇనప ముక్కలు అతికించి ఇది పక్షి అని దబాయించే బొమ్మ కానివ్వండి, కింద పీఠం కుదరకపోతే అది సామానే తప్ప శిల్పం కాదు. అంత పెట్టి కొన్న బొమ్మను తీసుకెళ్లి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టే మహానుభావులున్నారు. పట్టుచీర కట్టి గోనెసంచి మీద కూర్చోబెట్టినట్టుంటుంది.

పనిలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు. నోటి సంగతికొస్తే మాత్రం బెల్లం కొట్టిన రాయి. ఆ లోటు ఆయన భార్య తీర్చేది. వడ్డీతో సహా తీర్చేది. ఆయన ఆవిడను వాగుడుకాయ అనే పిలిచేవాడు, ఆవిడ ఆ పేరుకే పలికేది. కొలతలకు ఏ ఇంటికి వెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ అడుగు కొలుస్తుంటే, ఆవిడ ఇంట్లోవాళ్లతో కబుర్లు మొదలుపెట్టేది.

బొమ్మ కన్ను మనిషి కంటికి ఎదురుగా రావాలన్నది ఆయన లెక్క. పెళ్లయిన కొత్తలో భార్యను గోడకు ఆనించి నిలబెట్టి, ఆవిడ కంటి ఎత్తున కొలకర్ర మీద చాకుతో గాటు పెట్టాడు. ముప్పై ఏళ్లు ఆ గాటే ఆధారం. పీఠం కోసే ముందు మాత్రం ఆవిడ పక్కనుంచి ఒక మాట అనేది, "దీనికి రెండంగుళాలు పెంచు" అనో, "దీనికి బాగా దించు" అనో. ఆయన పెంచేవాడు, దించేవాడు. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఆడవాళ్ల చాదస్తంలే అనుకున్నాడు. మగవాళ్లకు అర్థం కానిదంతా చాదస్తం లెక్కలోకే పోతుంది.

ఆవిడ పోయి ఏడాది దాటింది. మూడు రోజుల జ్వరం. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో చప్పుడన్నది లేదు. గ్లాసు కింద పెడితే తనే ఉలిక్కిపడేవాడు. పని ఉన్న రోజు నయం, వీధిలోకి పోయేవాడు, రంపం పట్టేవాడు. పని లేని రోజు గోడలు చూస్తూ కూర్చోవడమే.

ఆ పని కూడా చేయి జారేలా ఉంది. పీఠాలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. ప్లీడరు గారింటి ఇనప పక్షి మరీ కిందకు ఉందన్నారు. ఇంకో ఇంట్లో ఇత్తడి బొమ్మ మోకాళ్ల దగ్గర పిల్లిలా ఉందన్నారు. రెండిళ్లలోనూ తాడిచెట్లలాంటి మనుషులు, మేస్త్రి కోసింది మాత్రం గాటు లెక్కనే. దాంతో బెదిరిపోయి, మూడోసారి పళ్ల డాక్టరమ్మ ఇంటి రాతి తలకు గాటు మీద ఇంకో మూడంగుళాలు కలిపి చేశాడు. వారం తిరక్కుండా ఆవిడ ఫోన్ చేసింది, ఈసారి ఎత్తు ఎక్కువైందని.

పాత శిల్పాలు అమ్ముతూ ఈ పీఠాల పనులు ఇప్పించే కొట్టాయన మేస్త్రిని పిలిచాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఒకటి పొట్టి, ఒకటి పొడుగు! వెళ్లి సరిచేసి రా. ఇది కూడా తిరిగొచ్చిందనుకో, నేను వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది. ఏమీ అనుకోకు."

మేస్త్రి తలూపి వచ్చేశాడు. ఇంటికొచ్చి టేపు తీసి కొలకర్రను కొలిచాడు. కర్ర సరిగ్గానే ఉంది.

అప్పుడే వదినగారు వచ్చింది. భార్యకు అక్క. నెలకోసారి వచ్చి ఇల్లు దులిపి, మరిదిని కూడా దులిపి పోతుంది.

"మళ్లీ ఆ కర్రతో ఏంటి కుస్తీ?"

"కొలత తప్పుతోంది వదినా."

"కొలత ఎందుకు తప్పుతుంది? మనిషి తప్పింది." ఆవిడ చీపురు గోడకు ఆనించింది. "మా చెల్లి ఇళ్లలో ఏం మాట్లాడేదో ఒక్కసారన్నా చెవిన వేసుకున్నావా?"

"ఏవో కబుర్లు."

"కబుర్లా! ఎవరు చూస్తారు, ఎక్కడినుంచి చూస్తారు అని అడిగేది. ఆ ఇంటి పెద్దాయన మంచం దిగడు, అందుకే దించమన్నా అనేది. ఈ ఇంట్లో అందరూ ఆరడుగులవాళ్లు, అందుకే పెంచమన్నా. ఇవన్నీ నాకు చెప్పేది. నీకు చెప్తే వింటావా? దానికి నువ్వు పెట్టిన పేరేంటి? వాగుడుకాయ!"

మేస్త్రి కర్ర మీది గాటును వేలితో తడిమాడు. ముప్పై ఏళ్లు సగం పని భార్యే చేసింది. పేరంతా తనకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే రంపం సంచీలో వేసుకుని పళ్ల డాక్టరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ప్రాక్టీసు మానేసి చాలాకాలమైంది. చేతికర్ర ఊతంగా వచ్చి తలుపు తీసింది. హాల్లో ఫ్రిజ్ మీద ఇత్తడి జింక, గోడవారన కొత్త పీఠం మీద ముక్కు విరిగిన రాతి తల.

మేస్త్రి టేపు తీశాడు. మళ్లీ పెట్టేశాడు. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఆవిడ చూసి చూసి అంది:

"ఏమన్నా అడగాలా? నోరు తెరవండి, నోరు తెరవండి అని నలభై ఏళ్లు అన్నానయ్యా. మళ్లీ అనిపించకు."

"ఇది... ఎవరు చూస్తారమ్మా? ఎక్కడినుంచి చూస్తారు?"

గొంతు తనది. మాట తనది కాదు.

ఆవిడ వెళ్లి కిటికీ పక్క కుర్చీలో మెల్లిగా కూర్చుంది.

"ఎవరు చూస్తారు, నేనే. ఇక్కడినుంచే. తుంటి విరిగాక పొద్దుననగా కూర్చుంటే పడుకునేదాకా ఇందులోనే. నిలబడి చూసేవాళ్లెవరూ ఈ ఇంటికి రారు. బతుకంతా తెరిచిన నోళ్లే చూశాను కదా, మూసిన నోరు ఒకటి ఎదురుగా ఉంటే బాగుంటుందని కొన్నాను. అది చూడబోతే నా నెత్తి మీదుగా తలుపుకేసి చూస్తోంది. ఆ తలుపును చూసి చూసి నేనెలాగూ అలిసిపోయాను. దానికి కూడా అదే పనా?"

మేస్త్రి వెళ్లి ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, ఆవిడ కంటి ఎత్తునుంచి చూశాడు. నిజమే. రాతి తల ఎవరి కోసమో చూస్తున్నట్టే ఉంది.

బాల్కనీలోకి తీసుకెళ్లి పీఠం అడుగునుంచి పదిహేను అంగుళాలు కోశాడు. తెచ్చి నిలబెట్టి, తలను ఎత్తి పెట్టి, ఒక పిసరు కిటికీ వైపు తిప్పాడు. ఆవిడ చాలాసేపు దాన్ని చూసింది. అది ఆవిడను చూసింది.

సంచీ సర్దుకుంటూ ఫ్రిజ్ వైపు చూసి అన్నాడు:

"ఆ జింకను దించండమ్మా. పాపం, అక్కడ జలుబు చేస్తుంది."

ఆవిడ పకపకా నవ్వింది. ఆ హాల్లో నవ్వు కొత్తగా వినిపించింది. మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఇలాంటి మాట తన నోట ఎప్పుడూ రాలేదు. ఎవరిదో ఆయనకు తెలుసు.

ఆ పీఠం తిరిగి రాలేదు.

ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి కొలకర్రను గోడకు నిలబెట్టాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే గాటు నెత్తి మీదుగా పోయింది. పీఠమైతే కోసి దించవచ్చు. ఈ కర్ర మీద రంపం పెట్టడానికి చేతులు రావు.

లేచి నిలబడ్డాడు. ఆయన పొడగరి, గాటు గడ్డం దగ్గరికి వచ్చింది. గాటు కంటికి ఎదురుగా వచ్చేలా కొంచెం వంగాడు.

అలా వంగి నిలబడే, ఆ రోజు వెళ్లిన ఇంటి కబుర్లన్నీ, డాక్టరమ్మ తుంటి దగ్గర్నుంచి జింక దాకా, ఒక్కటి వదలకుండా చెప్పాడు.