ఎండ చాలని గోడ

"అమ్మా, ఇక్కడ ఎవరో ఆపిల్ కోసినారు" అని మా జాయిస్ అనగానే చుట్టూ చూశాను. ఆ గదిలో ఆపిల్ లేదు.

రెండేళ్ళ కిందటి మాట. కృష్ణపట్నం పోర్టుకు దగ్గరలో మా ఊరి చర్చి వెనుక ఉన్న పిల్లల గది అది. మర్నాడు సంఘ వార్షికోత్సవం కావడంతో పిల్లలు సాయంత్రం పాటలు సాధన చేస్తున్నారు. మా ఇద్దరూ, ఆరేళ్ళ జాయిస్, మూడేళ్ళ సన్నీ, వాళ్ళలో ఉన్నారు. వాళ్ళను తీసుకెళ్ళడానికి నేను వచ్చేసరికి సన్నీ కళ్ళు నులుముకుంటున్నాడు.

ఆ గది గోడకు పూత వేసింది నేనే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నెల్లూరులో గదుల్లో గాలిని శుభ్రం చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మేము గోడలకు ఫొటోక్యాటలిస్ట్ స్ప్రే చేస్తాం. అంటే వెలుతురు తగిలితేనే పనిచేసే పదార్థం. తెల్ల పెయింట్లలో ఉండే టైటానియం డయాక్సైడే, చాలా మెత్తటి పొడి రూపంలో. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు పడితే, గోడను తాకిన చెడు ఆవిరి క్రమంగా నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. ఆ గదిలో కొత్త ప్లైవుడ్ బీరువాల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వచ్చేది. పూత వేశాక, రోజూ కిటికీలు తెరిచి ఉంచాక, పిల్లల కళ్ళ మంటలు తగ్గాయి.

ఇప్పుడు మళ్ళీ ఇది. బ్యాగులోంచి ఫార్మాల్డిహైడ్ కొలిచే మీటరు తీశాను. అంకె పైకి ఎగిరింది. కానీ ఆ మీటరు స్పిరిట్ ఆవిరికి కూడా ఎగిరిపడుతుంది. అందుకే దాన్ని పక్కన పెట్టి, సన్నీ కళ్ళను నమ్మాను.

"రూతమ్మ గారూ, పిల్లల్ని బయటికి పంపించండి."

పాటలు నేర్పే రూతమ్మ గారు తాళం ఆపలేదు. "ఇంకా రెండు చరణాలు ఉండాయి సునీతమ్మా. రేపు పాస్టర్ గారి ముందర నా పరువు పోతాది."

"పరువు సంగతి ఆవరణలో చూసుకుందాం. ముందు పిల్లలు."

పిల్లలు బయటపడ్డాక చూస్తే, గోడ పొడవునా కొత్తగా మెరిసే బల్లలు. చెక్క కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పైన గాజు పలకల్లోంచి మాత్రం కాస్త వెలుతురు పడుతోంది. వడ్రంగి యేసుదాసు అన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పాలిష్ వేసినావన్నా?"

"లక్క పాలిష్. స్పిరిట్‌లో కలిపి మధ్యాహ్నమే వేసినా."

"కిటికీలు ఎందుకు మూసినావు?"

"తెరిస్తే పోర్టు రోడ్డు బొగ్గు దుమ్మంతా తడి పాలిష్ మీద కూర్చుంటాది గదమ్మా. పోయినేడు పాస్టర్ గారి తెల్ల ప్యాంటు చూసినావు గదా, జీబ్రా మాదిరి అయిపోయింది."

నవ్వు వచ్చింది. అంతలోనే జరిగింది అర్థమైంది. స్పిరిట్ ఆవిరి గదినిండా చేరింది. వెలుతురేమో కొంచెం. అన్నం సగం ఉడికి ఆగినట్టు, గోడ పూత మీద స్పిరిట్ పూర్తిగా విడిపోకుండా మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే ఆవిరి దగ్గర ఆగింది. పచ్చి ఆపిల్ వాసన దానిదే. కళ్ళకూ గొంతుకూ మంచిది కాదు.

"మరి నీ గోడ దేనికమ్మా?" అని రూతమ్మ గారు దెప్పిపొడిచారు.

"బీరువాల నుంచి కొంచెం కొంచెంగా వచ్చేదాన్ని అది తినగలదు. మీరు ఒక్కసారే బిందెడు పోసినారు."

కిటికీలన్నీ తెరిచాం. దుమ్ము రాకుండా రోడ్డు వైపు తడి పంచెలు కట్టాం. సముద్రపు గాలి అవతలి వైపు నుంచి దూసుకొచ్చింది. బల్లలన్నీ వెనుక ఆవరణలోకి మోశాం. "పెళ్ళికూతురిని ఊరేగించినట్టు ఉండాది" అని యేసుదాసు అన్న గొణుగుతూనే ముందు నడిచాడు. సాధన ఆవరణలోనే సాగింది. గదిలో గొణిగినట్టు పాడిన పిల్లలు అక్కడ గొంతెత్తారు. లారీల వాళ్ళు ఆగి విన్నారు. చివరి చరణానికి యేసుదాసు అన్న తన బొంగురు గొంతు కలిపితే, రూతమ్మ గారు కోపం మరిచి ఆయనకే తాళం వేశారు. సన్నీ కళ్ళు తేటపడ్డాయి.

అప్పటి నుంచి ఏ గదికి వెళ్ళినా, గోడ కొలతకన్నా ముందు అడిగేది ఆ ఇంటివాళ్ళ అలవాట్లు: ఏం పూస్తారు, ఏం కాలుస్తారు, కిటికీలు ఎప్పుడు మూస్తారు. పూత ఎంత మంచిదైనా తెరిచిన కిటికీకి బదులు కాదు.

మర్నాడు పొద్దున జాయిస్‌కు జడ వేస్తుంటే, "ఆపిల్ వాసన ముందే వచ్చింది, కానీ పాట అవుతా ఉంది కదా అని కూర్చున్నా" అంది. జడ సగంలో వదిలేశాను. సన్నీని కూడా దగ్గరకు లాక్కుని చెప్పాను:

"ఎక్కడైనా కళ్ళు మండితే, కొత్త వాసన వస్తే, లేచి బయటికి వచ్చెయ్యండి. పాట మధ్యలో అయినా, ప్రార్థన మధ్యలో అయినా. రూతమ్మ గారికి నేను చెప్పుకుంటాను."